రంగులు మారిన బేస్ గిటార్



ఈ పూట హెవీ మెటల్ సంగీతం గురించి, అందులోనూ బేస్ గిటార్ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఈ మాట ఎత్తగానే కడప, కర్నూలు ఇళ్లలో రెండు రకాల జవాబులు వస్తాయని నాకు తెలుసు. "ఆ గోల గురించి రేడియోలో చెప్పేదేముంది నాయనా?" అంటారు పెద్దవాళ్లు. "బేస్ గిటార్ ఎవరికి వినపడుతుంది సార్? జనం చూసేది సోలో గిటార్ వాయించేవాణ్ణే కదా!" అంటారు కాలేజీ పిల్లలు. పెద్దలు గోల అనేదీ, పిల్లలు వినపడదనేదీ ఆ నాలుగు తీగల నుంచి వచ్చే శబ్దమే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు వింటున్న ఈ రేడియోలో బేస్ గిటార్ అట్టడుగు స్వరం నిజానికి పలకదు. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గుప్పెడంత ట్రాన్సిస్టర్ స్పీకరుకు అంత మంద్రంగా గాలిని నెట్టే సత్తువ ఉండదు. అయినా ఆ స్వరం మనకు తెలుస్తూనే ఉంటుంది. తీగ 41 దగ్గర మోగేటప్పుడే 82 దగ్గర, 123 దగ్గర, 164 దగ్గర కూడా సన్నగా మోగుతుంది. చిన్న స్పీకరు ఆ పైవాటిని మాత్రం వినిపిస్తుంది. వాటి మధ్య ఎడాన్ని బట్టి అడుగున ఏ స్వరం ఉండాలో మన మెదడే లెక్కగట్టి పూరించుకుంటుంది. ఇది శబ్దశాస్త్రంలో ఎప్పుడో తేలిన విషయం.

అదే శబ్దం పెద్ద స్పీకర్లలోంచి వస్తే సంగతి వేరు. పెళ్లి మెరవణి ఇంకా రెండు వీధుల అవతల ఉంటుంది. పాట ఏదో తెలియదు, పాడేది ఆడో మగో తెలియదు. ఇక్కడ మన కిటికీ అద్దాలు అప్పటికే అదురుతుంటాయి. సెకనుకు 41 కంపనాల శబ్దానికి ఒక్కో అల పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది. అంత పొడుగు అలను గోడలు పూర్తిగా ఆపలేవు. సన్నటి స్వరాలు వీధి మలుపులో ఆగిపోతాయి. మంద్రం మాత్రం ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే బేస్‌ను చెవి కన్నా ముందు ఒళ్లు పట్టుకుంటుంది.

ఇక వాయిద్యం సంగతి. పాశ్చాత్య సంగీతంలో ఈ మంద్రం పని చాలాకాలం డబుల్ బేస్ చూసుకునేది. మనిషి కన్నా ఎత్తైన ఫిడేలు అది. దానికి మెట్లు లేవు. వేలు రవ్వంత పక్కకు జరిగినా శ్రుతి పోతుంది. పైగా దాన్ని బండి మీద వేసుకుని ఊరూరూ తిరగడం ఒక యాతన. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్‌టన్ అనే ఊళ్లో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ల కష్టం వినేవాడు. 1951లో ఆయన ఒక పలక చెక్కకు మెడ బిగించి, వీణకు ఉన్నట్టు మెట్లు పెట్టి, నాలుగు లావు తీగలు కట్టాడు. దాని పేరు ప్రెసిషన్ బేస్. తీగ మోగే నిడివి 34 అంగుళాలు. ఈనాటికీ ఎక్కువ బేస్‌లకు అదే కొలత.

దీని శ్రుతి మన సంగీతం తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. లావు తీగను షడ్జం అనుకుంటే దాని పక్క తీగ శుద్ధ మధ్యమం. ఆ రెండో తీగను షడ్జం చేసుకుంటే మూడోది మళ్లీ దానికి శుద్ధ మధ్యమం. నాలుగోదీ అంతే. మన తంబురాకూ నాలుగు తీగలే. తంబురా కదలకుండా శ్రుతి పట్టుకుని కూర్చుంటుంది. బేస్ మాత్రం ఆ శ్రుతినే భుజాన వేసుకుని పాటతో పాటు నడుస్తుంది.

చెక్క లోపల డొల్ల లేదు కాబట్టి తనంతట తాను పెద్దగా మోగదు. తీగల కింద అయస్కాంతాలు ఉంటాయి. వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉక్కు తీగ కంపించగానే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి తీగలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఆంప్లిఫయర్‌లోకి వెళ్లి శబ్దమవుతుంది. ఈ అమరికను పికప్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇదంతా పరాయి గోల అనుకునేవాళ్లకు ఒక మాట. 1989లో వచ్చిన గీతాంజలి పాటలు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి. గొంతును కాసేపు వదిలేసి, అడుగున నడిచే స్వరాన్ని పట్టుకోండి. ఇళయరాజా బేస్ గిటార్‌కు ఎంత పని అప్పజెప్పారో తెలుస్తుంది. మన కడప పెద్ద దర్గాకు దర్శనానికి వచ్చే ఏ.ఆర్. రెహమాన్ పాటలు తీసుకోండి. వాటిలో ఎన్నింటికో బేస్ పట్టింది చెన్నై వాద్యకారుడు కీత్ పీటర్స్. పేరు తెలియకపోయినా ఈ ధ్వనిని మనం ఎన్నో ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

ఇప్పుడు హెవీ మెటల్ పుట్టిన చోటికి పోదాం. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్. ఇనుము, రేకులు, యంత్రాల ఊరు. 1965లో టోనీ ఐయోమీ అనే పదిహేడేళ్ల కుర్రవాడు అక్కడి రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. ఇక మానేస్తానన్న ఆఖరి రోజున యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే గిటార్ మెట్ల మీద తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వెతికి కట్టుకున్నాడు. అయినా నొప్పి తగ్గక, కొన్నాళ్లకు తీగల బిగువే సడలించాడు. బిగువు తగ్గితే శ్రుతి దిగుతుంది. 1971లో అతని బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ విడుదల చేసిన మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు ఏకంగా మూడు స్వరస్థానాలు కిందికి దిగారు.

గిటార్ దిగితే బేస్ దిగకుండా ఉంటుందా? ఆ బ్యాండ్ బేసిస్ట్ టెరెన్స్ బట్లర్. అందరూ గీజర్ అని పిలుస్తారు. ఆయన మొదట గిటార్ వాయించేవాడే. బ్యాండులో రెండో గిటార్ అక్కర్లేదని ఐయోమీ అంటే బేస్‌కు మారాడు. ఫెండర్ ప్రెసిషన్ పట్టుకుని తన తీగలూ సడలించాడు. సెకనుకు 41 కంపనాల తీగ 35 దగ్గరకు దిగింది. ఒక మనిషి గాయం కోసం మొత్తం బ్యాండు శ్రుతి దించుకుంటే, ఆ దిగిన శ్రుతే హెవీ మెటల్‌కు గుర్తయి కూర్చుంది. తరువాతి ఏళ్లలో బట్లర్ చేతిలోకి ఇంకా కొన్ని కంపెనీల బేస్‌లు వచ్చాయి. లేక్‌ల్యాండ్ కంపెనీ ఆయన పేరుతోనే ఒకటి తయారుచేసింది. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ మైదానంలో బ్లాక్ సబ్బాత్ నలుగురూ కలిసి ఆఖరిసారి వాయించారు. అప్పటికి బట్లర్‌కు 76 ఏళ్లు నిండబోతున్నాయి.

ఇలాంటి బేసిస్టుల్లో రెండో మనిషి లెమ్మీ. అసలు పేరు ఇయన్ ఫ్రేజర్ కిల్మిస్టర్. 1945 డిసెంబరు 24న పుట్టాడు. కుర్రతనంలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ సామాను మోసే పనిలో ఉన్నాడు. 1971లో హాక్‌విండ్ అనే బ్యాండులో చేరాడు. అప్పటికి అతను గిటారిస్టు. బేస్ ముట్టినవాడు కాడు. మానేసిన పాత బేసిస్ట్ తన బేస్‌ను బండిలోనే వదిలి వెళ్లాడనీ, దాన్ని తగిలించుకుని నేరుగా స్టేజీ ఎక్కాననీ ఆయనే చెప్పుకునేవాడు. నేర్పినవాళ్లు లేరు కాబట్టి గిటార్ వాయించినట్టే బేస్ వాయించాడు. ఒక్కో స్వరం కాకుండా రెండు మూడు తీగలు కలిపి మోగించాడు. 1975లో మోటర్‌హెడ్ బ్యాండ్ పెట్టాడు. ఒక గిటార్, ఒక బేస్, ఒక డ్రమ్స్, అంతే. సోలో గిటార్ మొదలవ్వగానే వెనక ఖాళీ పడకుండా నింపాల్సిన పూచీ బేస్ మీదే పడింది.

ఆ పనికి ఆయన ఎంచుకున్నది రికెన్‌బేకర్. దీనికి మెడ వేరుగా బిగించరు. మెడ చెక్కే ఒంటి మధ్యలోంచి అడుగు దాకా సాగుతుంది. ధ్వని కొంచెం కరుకుగా, స్పష్టంగా ఉంటుంది. లెమ్మీ దాన్ని మార్షల్ ఆంప్లిఫయర్‌కు తగిలించి, అందులో మంద్రం మీట తగ్గించి, నడిమి శ్రుతుల మీట బాగా పెంచేవాడు. బేస్ వాయిస్తూ మంద్రం తగ్గించడమేమిటి? ఆయన లెక్క ఆయనది. పక్కన రెండో గిటార్ లేదు కదా! 1980లో వచ్చిన ఏస్ ఆఫ్ స్పేడ్స్ పాట మొదటి క్షణాల్లో మీరు వినే ఆ గర్జన గిటార్ కాదు, బేస్. రికెన్‌బేకర్ కంపెనీ ఆయన పేరుతో తీసిన బేస్‌కు ఓక్ ఆకులు చెక్కించి మరీ ఇచ్చింది. 2015 డిసెంబరు 28న, డెబ్భై నిండిన నాలుగో రోజున పోయాడు. దాదాపు నలభై అయిదేళ్లు బేస్ మోశాడు. చేతిలో ఎక్కువగా ఉన్నది ఆ ఒక్క జాతి వాయిద్యమే.

మూడో మనిషికి అంత ఆయుష్షు దొరకలేదు. మెటాలికా బ్యాండ్‌కు చెందిన క్లిఫ్ బర్టన్. 1962లో పుట్టాడు. బాఖ్ సంగీతం ఇష్టంగా విన్నవాడు, స్వరశాస్త్రం చదువుకున్నవాడు. ఆయన బేస్ కూడా మొదట రికెన్‌బేకరే. కానీ అది కొట్లోంచి వచ్చినట్టుగా ఉండలేదు. పాత పికప్‌లు పీకించి, గిబ్సన్ బేస్‌ల మీద ఉండే పెద్ద పికప్ మెడ దగ్గర పెట్టించాడు. కాలి కింద శబ్దాన్ని చీల్చే పెడల్, శబ్దాన్ని నోరు తెరిచి మూసినట్టు మార్చే వా పెడల్ పెట్టుకున్నాడు. 1983లో వచ్చిన మెటాలికా మొదటి ఆల్బమ్‌లో ఒక పాట మొత్తం ఆయన బేస్ సోలోయే. సగం దాటాక డ్రమ్స్ వచ్చి కలుస్తాయి. 1984లో వచ్చిన ఫర్ హూమ్ ద బెల్ టోల్స్ పాట మొదట్లో గంట మోగాక వచ్చే వంకర టింకర రాగాన్ని చాలామంది గిటార్ అనుకుంటారు. అది బర్టన్ బేసే. తరువాత జపాన్ కంపెనీ ఆరియా వారి బేస్ పట్టాడు. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బ్యాండ్ బస్సు బోల్తాపడి చనిపోయాడు. అప్పటికి వయసు 24.

ఇక్కడే మన కాలేజీ పిల్లల ప్రశ్నకు జవాబు ఉంది. బర్టన్ పోయాక ఆయన చోట జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో మెటాలికా తెచ్చిన అండ్ జస్టిస్ ఫర్ ఆల్ ఆల్బమ్‌లో బేస్ శబ్దాన్ని వినీ వినపడనంత కిందికి తగ్గించేశారు. పాటలు గట్టివి, వాయించినవాళ్లు ఘనులు. అయినా ఆనాటి నుంచి ఈనాటి దాకా అభిమానులు ఒకటే మాట, "బేస్ ఏదిరా?" అని. రికార్డు పొడిగా, ఎముకలు తేలినట్టుగా ఉందని వాళ్ల బాధ. బేస్ వినపడదని అన్నవాళ్లకు, అది లేనప్పుడు మాత్రం వెంటనే తెలిసిపోయింది. కావాలంటే ఆ ఆల్బమ్‌నూ, 1986లో వచ్చిన మాస్టర్ ఆఫ్ పపెట్స్‌నూ పక్కపక్కన పెట్టి వినండి.

ఇక నేను ప్రధానంగా చెప్పదలచుకున్న మనిషి దగ్గరకు వస్తాను. ఐరన్ మెయిడెన్ బ్యాండ్ బేసిస్ట్ స్టీవ్ హారిస్. మన సీమకు కొంచెం దగ్గరగా వచ్చి వెళ్లినవాడు కూడా. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ మొదటిసారి మన దేశంలో వాయించింది. ఆ స్థాయి హెవీ మెటల్ బ్యాండ్ భారతదేశానికి రావడం అదే మొదలు. మరుసటి ఏడాది ముంబయికీ, 2009లో మళ్లీ బెంగళూరుకూ వచ్చారు. కర్నూలులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. కడప నుంచి ఇంకా దగ్గర. మన పిల్లలు చదువులకో ఉద్యోగాలకో ముందు పోయే ఊరు అదే. ఆ నల్ల టీషర్టుల గుంపులో సీమ యాస వినపడలేదంటే నేను నమ్మను.

స్టీవ్ హారిస్ 1956లో తూర్పు లండన్‌లోని లేటన్‌స్టోన్‌లో పుట్టాడు. మొదట డ్రమ్స్ వాయించాలని సరదా. ఇంట్లో డ్రమ్స్ పెట్టుకునే చోటు లేక బేస్ వైపు వచ్చాడు. పదిహేడేళ్ల వయసులో నలభై పౌండ్లు పెట్టి ఫెండర్ ప్రెసిషన్‌కు నకలు ఒకటి కొన్నాడు. కొన్నాళ్లు ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. 1975 క్రిస్మస్ రోజున ఐరన్ మెయిడెన్ మొదలుపెట్టాడు. నకలు పోయి అసలు ప్రెసిషన్ చేతికి వచ్చింది. 1970ల తొలినాళ్లలో తయారైన వాయిద్యం. అప్పుడు దాని రంగు తెలుపు.

తరువాత దానికి నలుపు వేయించాడు. ఆ తరువాత మిలమిలలాడే నీలం. దాని మీద అద్దంలాంటి పలక బిగించాడు. స్టేజీ లైట్లు దాని మీద పడి జనం కళ్లలోకి కొట్టేవి. ఇంకొన్నాళ్లకు మళ్లీ తెలుపు. ఈసారి తనకు ప్రాణమైన వెస్ట్‌హామ్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ ముద్ర వేయించి, అంచున ఆ జట్టు రంగులు గీయించాడు. ఫోటోలు చూసేవాళ్లు హారిస్ దగ్గర చాలా బేస్‌లు ఉన్నాయనుకుంటారు. నిజానికి ఆ నాలుగు రంగుల కింద ఉన్నది ఒకటే చెక్క. పికప్ మారింది, తీగలు ఆనే వంతెన మారింది. మధ్యలో వేరే కంపెనీల బేస్‌లనూ కొంతకాలం చేతబట్టాడు. కానీ తిరిగి తిరిగి దాని దగ్గరకే వచ్చాడు. 1980 నుంచి 2021 దాకా ఐరన్ మెయిడెన్ పదిహేడు స్టూడియో ఆల్బమ్‌లు తెచ్చింది. వాటిలో ఎక్కువ భాగం వెనక మోగింది ఆ బేసే.

ఆయన కుడిచేతిని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. చేతిలో తీగలు మీటే పిక్ ఉండదు. చూపుడువేలు, మధ్యవేలు, రెండే పనిచేస్తాయి. గుర్రం దౌడు తీస్తున్నట్టుండే నడక ఒకటి ఆయన చేతి ముద్ర. మన లెక్కలో చెబితే, తా కిట, తా కిట, తా కిట. 'తా'కు రెండు మాత్రలు, 'కి'కి ఒకటి, 'ట'కు ఒకటి. 1983లో వచ్చిన ది ట్రూపర్ పాట నిమిషానికి సుమారు 160 దెబ్బల వేగంతో నడుస్తుంది. దెబ్బకు మూడు మోతలు. అంటే సెకనుకు ఎనిమిది. గిటార్ తీగ కన్నా ఎంతో లావైన తీగ మీద, రెండు వేళ్లతో! తీగను సున్నితంగా మీటడు. గట్టిగా లాగి వదులుతాడు. అది వెనక్కి వచ్చి ఉక్కు మెట్లకు కొట్టుకుంటుంది. స్వరంతో పాటు ఠక్కుమనే లోహపు చప్పుడు ఒకటి పుడుతుంది. ఐరన్ మెయిడెన్ పాటల్లో మూడు గిటార్లు మోగుతున్నా బేస్ నడక తేటగా తెలిసేది ఆ ఠక్కు వల్లే. ఎడమకాలు స్టేజీ అంచునున్న స్పీకరు మీద పెట్టి, బేస్ మెడను తుపాకీలా జనం మీదికి గురిపెట్టి, పాట మాటలన్నీ తనలో తాను పాడుకుంటూ వాయిస్తాడు. పాడేది వేరే ఆయన. కానీ ఆ పాటల్లో చాలావాటి మాటలు, మట్టు హారిస్‌వే.

తీగల విషయంలో ఇంకో వింత ఉంది. బేస్ తీగల్లో రెండు రకాలు. చుట్టిన లోహం గుండ్రంగా ఉండి వేలికి గరుకుగా తగిలేవి ఒక రకం. చదునైన పట్టీతో చుట్టి నున్నగా ఉండేవి ఇంకో రకం. రాక్, మెటల్ వాళ్లు మామూలుగా గరుకువే వాడతారు, శబ్దం మెరుస్తుందని. నున్నవి వాడేవాళ్లు వాటిని ఏళ్ల తరబడి మార్చరు, పాతబడ్డ కొద్దీ ధ్వని మెత్తబడుతుందని. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాడట. ఆయనదీ ఫెండర్ ప్రెసిషనే. హారిస్ కూడా నున్న తీగలే వాడతాడు, రోటోసౌండ్ కంపెనీవి. కానీ ప్రతి కచేరీకీ కొత్త సెట్టు కట్టిస్తాడు. కొత్తలో నున్న తీగకు ఒక మెరుపు ఉంటుంది. అది ఒక్క రాత్రికే పోతుంది. ఆ ఒక్క రాత్రి మెరుపు ఆయనకు కావాలి. వాయిద్యం అర్ధ శతాబ్దం నాటిది, తీగలు మాత్రం సాయంత్రం కట్టినవి.

వాయిద్యం చెక్క గురించి కూడా ఒక మాట. దీనికి మన కొండలతో బంధుత్వం ఉంది. చాలా బేస్‌ల మెడ మీద వేళ్లు ఆనే పట్టీ రోజ్‌వుడ్, మన జిట్రేగి జాతి చెక్క. భారతదేశపు రోజ్‌వుడ్‌ను గిటార్ కంపెనీలు దశాబ్దాలుగా వాడుతున్నాయి. అడవులు తరిగిపోతున్నాయని 2017లో ఆ జాతి మొత్తం మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి. తయారైన వాయిద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు. ఇక మన శేషాచలం, పాలకొండల ఎర్రచందనం సంగతి. అడ్డంగా నరికి దొంగబండ్లలో తరలిస్తున్నారని మనం రోజూ పేపర్లో చదువుతూనే ఉంటాం. జపాన్‌లో సామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం ఉంది. దాని మెడకు మేలైన చెక్క అని అక్కడి పనివాళ్లు కోరుకునేది ఎర్రచందనమే. గట్టిగా, బరువుగా ఉంటుంది, తీగల బిగువుకు వంగదు. కడప అడవిలో పెరిగిన చెక్క ఎక్కడో క్యోటోలో రాగం పలుకుతుంటుంది. ఒక వాయిద్యాన్ని యాభై ఏళ్లు దాచుకుని వాడుకునేవాడు చెట్లకు ఎంత మేలు చేస్తున్నాడో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఈ నలుగురినీ ఒకచోట చేర్చి చూడండి. బట్లర్ తీగలు సడలించింది స్నేహితుడి వేళ్ల కోసం. లెమ్మీ మంద్రం తగ్గించింది బ్యాండులో ఖాళీ నింపడానికి. బర్టన్ పికప్‌లు పీకించింది బేస్‌తో రాగం పాడించడానికి. హారిస్ రోజూ తీగలు మార్పించేది ఆ ఒక్క రాత్రి మెరుపు కోసం. నలుగురిలో ఎవరూ వాయిద్యం మారిస్తే వాయించడం వస్తుందని అనుకోలేదు. తమకేం కావాలో ముందు తెలుసుకుని, చేతిలో ఉన్నదాన్ని దానికి తగ్గట్టు దిద్దుకున్నారు. పేరు వచ్చాక కంపెనీలే వాళ్ల పేర్లతో బేస్‌లు తయారుచేశాయి.

ఈ మాట ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే, కర్నూల్లోనూ కడపలోనూ ఇప్పుడు గిటార్ పట్టే పిల్లలు కనిపిస్తున్నారు. వాళ్లతో మాట్లాడితే మొదటి ప్రశ్న ఒకటే, "సార్, ఏ కంపెనీది కొనాలి?" అని. ఇంట్లో నాన్నతో గొడవపడి, వాయిదాల మీద ఖరీదైనది తెచ్చుకుని, ఆరు నెలలకు అటక మీద పెట్టేసేవాళ్లూ ఉన్నారు. అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీకు నేను చెప్పేది ఇది. తక్కువ ధరలో, చేతులు మారిన బేస్ అయినా ఫరవాలేదు. కొనే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. ఒకటి, మెడ. లావు తీగను మొదటి మెట్టు దగ్గరా ఆఖరి మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి, మధ్యలో తీగకూ మెట్లకూ ఎడం చూడండి. సన్నటి సందు ఉంటే మంచిది. వేలు దూరేంత ఉంటే మెడ వంగినట్టు. రెండు, ప్రతి మెట్టు మీదా ప్రతి తీగనూ నొక్కి మోగించండి. ఎక్కడైనా జరజరమంటే ఆ చుట్టుపక్కల మెట్టు లేచి ఉండొచ్చు. మూడు, పన్నెండో మెట్టు. అక్కడ తీగను నొక్కకుండా వేలు ఆనించి మోగిస్తే వచ్చే స్వరమూ, నొక్కి మోగిస్తే వచ్చే స్వరమూ ఒకటే కావాలి. తేడా ఉంటే వంతెన సరిచేయించాలి. నాలుగు, బిగించే మరలు. శ్రుతి చేసి పది నిమిషాలు వాయించండి. శ్రుతి నిలిస్తే తీసుకోండి.

ఇంకో జాగ్రత్త. గిటార్ కోసం చేసిన చిన్న ఆంప్లిఫయర్‌కు బేస్ తగిలించి గట్టిగా పెంచకండి. ఆ మంద్రానికి స్పీకరు కాగితం చిరిగిపోవచ్చు. ఇంట్లో సాధనకు హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చిన్న యంత్రాలు దొరుకుతాయి. అమ్మకు నిద్ర చెడదు, పక్కింటి మామయ్యతో పేచీ ఉండదు.

తెచ్చుకున్నాక మొదటి నెల ఒకే తీగ మీద, రెండు వేళ్లతో, తా కిట, తా కిట సాధన చేయండి. నిమిషానికి అరవై దెబ్బల వేగంతో మొదలుపెట్టండి. మోతలన్నీ సమానంగా పడేదాకా వేగం పెంచకండి. ఆ తరువాత ది ట్రూపర్ పెట్టుకుని దాని పక్కన నడవండి. మొదట్లో వెనకబడతారు. పడనివ్వండి. ఏ రోజైతే మీ వేళ్లు ఆ పాటతో కలిసి మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా నడుస్తాయో, ఆ రోజున మీ పాత బేస్‌ను మంచి పెయింటరు దగ్గరకు తీసుకెళ్లి, మీకు నచ్చిన రంగు వేయించుకోండి.